ఇంటి గ్యారేజీలో కారు లిఫ్టు: ప్రణాళిక, లెక్కలు, భద్రత



ఈ పాఠంలో మనం ఒక యంత్రాన్ని ఇంట్లో ఎలా అమర్చాలో నేర్చుకుంటాం. ఆ యంత్రం కారు లిఫ్టు. మెకానిక్ షెడ్డులో కారును మనిషి తలకంటే ఎత్తుకు లేపి, దాని కింద నిలబడి పనిచేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. అలాంటి లిఫ్టును ఇంటి గ్యారేజీలో పెట్టుకోవాలంటే ఏమేం ఆలోచించాలి? డబ్బుంటే చాలు, కొనుక్కుని బిగించుకోవచ్చు కదా అనిపిస్తుంది. కాని రెండు టన్నుల ఇనుము గాలిలో ఉండగా దాని కింద మనిషి ఉంటాడు. అందుకే ఇక్కడ ప్రతి కొలతా ఒక ప్రాణానికి సంబంధించినది. ఆ కొలతల వెనుక ఉన్నది మీరు తరగతిలో చదువుకున్న భౌతికశాస్త్రమే.

పాఠం చివరికి వచ్చేసరికి మీరు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలి. ఒకటి, ఒక గదిలో లిఫ్టు పడుతుందా, పట్టదా? రెండు, నేల దాన్ని మోయగలదా? మూడు, పైకెత్తిన కారు పడిపోకుండా ఏది కాపాడుతోంది?

1. లిఫ్టు ఎందుకు?

కారు అడుగుభాగంలో సైలెన్సరు, గేర్‌బాక్సు, బ్రేకు గొట్టాలు, సస్పెన్షన్ ఉంటాయి. వీటిని చూడాలంటే మూడు మార్గాలున్నాయి. మొదటిది జాకీ. జాకీ కారును ఒకవైపు లేపడానికి పనికివస్తుంది కాని, మోసి ఉంచడానికి కాదు. జాకీ మీద ఉన్న కారు కిందికి దూరడం, ఇటుకలు పేర్చి వాటి మీద కారును నిలబెట్టడం చాలాచోట్ల కనిపించే అలవాట్లు. రెండూ ప్రమాదకరమైనవే. ఇటుక గోడలో ఉన్నప్పుడు బరువు దాని మీద సమంగా పరచుకుంటుంది. కారు బరువు ఒక్క బిందువు దగ్గర పడితే ఇటుక ముందుగా ఏ హెచ్చరికా చేయకుండా పగులుతుంది.

రెండవది నేలలో తవ్విన గొయ్యి, అంటే పిట్. పాత వర్క్‌షాపుల్లో ఇదే ఉండేది. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక అది గోతిలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. మూడవ మార్గం లిఫ్టు. 1925లో అమెరికాలోని మెంఫిస్ నగరానికి చెందిన పీటర్ లునాటి హైడ్రాలిక్ కారు లిఫ్టును రూపొందించాడు. మంగలి దుకాణంలో కుర్చీ పైకీ కిందికీ కదలడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. అమెరికాలో ఇళ్లకు విశాలమైన గ్యారేజీలుండటం, సొంత చేత్తో కారు బాగుచేసుకునే అలవాటు ఉండటం వల్ల ఈ యంత్రం క్రమంగా ఇళ్లలోకీ వచ్చింది.

2. లిఫ్టుల్లో రకాలు

రెండు స్తంభాల లిఫ్టు: కారుకు ఇరువైపులా ఒక్కో స్తంభం, ఒక్కో స్తంభానికి రెండు చేతులు ఉంటాయి. ఆ నాలుగు చేతులు కారు అడుగున నాలుగు చోట్ల పట్టుకుంటాయి. చక్రాలు గాలిలో వేలాడతాయి కనుక బ్రేకులు, సస్పెన్షన్ పనులకు ఇది బాగా అనుకూలం. అయితే భారమంతా రెండు స్తంభాల అడుగున ఉన్న బోల్టుల మీద ఆధారపడుతుంది.

నాలుగు స్తంభాల లిఫ్టు: కారును రెండు పట్టాల మీదికి నడిపించి, పట్టాలతో సహా పైకి లేపుతారు. కారు తన చక్రాల మీదే నిలబడి ఉంటుంది. ఒక కారు మీద మరో కారు నిలుపుకోవడానికీ, ఆయిలు మార్చడానికీ ఇది మేలు. చక్రం విప్పాలంటే మాత్రం పట్టాల మీద మళ్లీ జాకీ కావాలి.

కత్తెర లిఫ్టు: కత్తెర కాళ్లలా మడతపడే ఇనుప చట్రం ఇది. ఇంట్లో వాడే రకాలు సుమారు 1 మీటరు నుంచి 1.2 మీటర్ల వరకు లేపుతాయి. కింద నిలబడలేం. చక్రాల పని, బ్రేకుల పని కూర్చుని చేసుకోవచ్చు. పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్న ఇళ్లకు ఇది తగినది.

మన నగరాల అపార్ట్‌మెంట్ల కింద ఒకదానిమీద ఒకటిగా కార్లు నిలిపే యంత్రాలు కూడా ఈ కుటుంబానివే. అవి కారును నిలిపి ఉంచడానికే తయారైనవి. వాటి కింద నిలబడి మరమ్మతు చేయకూడదు.

3. ఎత్తు లెక్క

గదిలో లిఫ్టు పడుతుందా అనేదానికి ముందుగా చూడవలసింది ఎత్తు. సూత్రం చాలా సులువు.

కావలసిన ఎత్తు = లేపే ఎత్తు + కారు ఎత్తు + పైన వదలవలసిన ఖాళీ

పైన కనీసం 15 సెం.మీ. ఖాళీ వదులుదాం.

ఉదాహరణ 1: పోర్టికో స్లాబు ఎత్తు 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. కారు ఎత్తు 1.5 మీటర్లు. అప్పుడు లేపగలిగే ఎత్తు 3.05 – 1.5 – 0.15 = 1.4 మీటర్లు. నేల మీద ఉన్నప్పుడు కారు అడుగుకూ నేలకూ మధ్య 17 సెం.మీ. ఉందనుకుంటే, పైకెత్తాక కారు అడుగు 1.57 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 1.7 మీటర్ల పొడవున్న మనిషి దాని కింద నిటారుగా నిలబడలేడు. చక్రాల స్టూలు మీద కూర్చుని పనిచేయవచ్చు.

ఇప్పుడు 1.8 మీటర్ల ఎత్తున్న పెద్ద వాహనాన్ని తీసుకోండి. దాని అడుగుకూ నేలకూ మధ్య 20 సెం.మీ. ఉందనుకుందాం. కింద మనిషి నిలబడాలంటే అడుగు 1.75 మీటర్ల ఎత్తుకు చేరాలి. అంటే వాహనాన్ని 1.55 మీటర్లు లేపాలి. కావలసిన గది ఎత్తు 1.55 + 1.8 + 0.15 = 3.5 మీటర్లు. లిఫ్టు స్తంభాలు కూడా చాలా రకాల్లో ఇంచుమించు ఇంతే ఎత్తుంటాయి. అందువల్ల కొత్తగా కట్టుకునేవారు 12 అడుగులకు, అంటే సుమారు 3.7 మీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఎత్తును స్లాబు దాకా కొలిస్తే చాలదు. దూలం స్లాబుకంటే ఒక అడుగు కిందికి దిగి ఉండవచ్చు. ఫ్యాను, ట్యూబులైటు, షట్టరు చుట్టుకునే పెట్టె కూడా కిందికే ఉంటాయి. కారు పైకి లేచే దారిలో అన్నిటికంటే కిందికి ఉన్నదేదో చూసి, అక్కడి వరకే కొలవాలి. డిక్కీ తలుపు తెరిచి ఉంచి కారు లేపితే లెక్క మొత్తం తారుమారవుతుందని కూడా గుర్తుంచుకోండి.

వెడల్పు విషయానికి వస్తే, రెండు స్తంభాల లిఫ్టుకు బయటి అంచు నుంచి బయటి అంచుకు సుమారు 11 అడుగులు పడుతుంది. పక్కన మనిషి తిరగడానికి చోటు కలిపితే 14 అడుగులైనా కావాలి. మన పోర్టికోల్లో చాలా వరకు 10 అడుగుల వెడల్పు మాత్రమే ఉంటాయి. పొడవు 20 అడుగులకు పైగా ఉంటే ముందూ వెనుకా తిరగడానికి వీలుంటుంది.

4. లేపే బలం ఎక్కడిది?

ఒక పాత్రలో బంధించిన ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే, అది ద్రవమంతటికీ అన్ని దిశల్లో సమానంగా చేరుతుంది. ఇది పాస్కల్ నియమం. 1623 నుంచి 1662 వరకు జీవించిన ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ పేరిట దీన్ని పిలుస్తున్నాం. 1795లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ బ్రామా ఈ సూత్రంతో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. కారు లిఫ్టుకూ ఇదే సూత్రం ఆధారం.

ఉదాహరణ 2: 2,000 కి.గ్రా. వాహనం బరువు 2,000 × 9.8 = 19,600 న్యూటన్లు. రెండు స్తంభాల్లో ఒక్కో సిలిండరు ఉంది. ఒక్కోదాని వ్యాసం 8 సెం.మీ. అయితే రెండింటి వైశాల్యం కలిపి సుమారు 100 చ.సెం.మీ., అంటే 0.01 చదరపు మీటరు. పీడనం = బలం ÷ వైశాల్యం కనుక 19,600 ÷ 0.01 = 19,60,000 పాస్కళ్లు. ఇది వాతావరణ పీడనానికి సుమారు 19 రెట్లు.

చాలా లిఫ్టుల్లో సిలిండరుకూ చేతులకూ మధ్య గొలుసు ఉంటుంది. పిస్టను 0.9 మీటరు కదిలితే చేతులు 1.8 మీటర్లు లేస్తాయి. దూరం రెట్టింపైంది కనుక కావలసిన బలం కూడా రెట్టింపవుతుంది. పీడనం సుమారు 39 వాతావరణాలకు చేరుతుంది. ప్రకృతిలో ఏదీ ఉచితంగా రాదు. దూరంలో లాభపడితే బలంలో చెల్లించాలి. ఈ ప్రయాణానికి కావలసిన నూనె ఎంతో తెలుసా? 0.01 × 0.9 = 0.009 ఘనపు మీటర్లు, అంటే 9 లీటర్లు. తొమ్మిది లీటర్ల నూనె రెండు టన్నుల వాహనాన్ని మనిషి ఎత్తుకు లేపుతుంది.

5. నేల మోయగలదా?

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. రెండు స్తంభాల లిఫ్టులో బరువు స్తంభం మీద నేరుగా పడదు. కారు స్తంభానికి పక్కన, చేతుల చివర ఉంటుంది. కనుక స్తంభం లోపలి వైపుకు, అంటే కారు వైపుకు, వాలాలని చూస్తుంది. అలా వాలకుండా బయటి వైపు బోల్టులు నేలను పట్టుకుని ఉంటాయి. పొలంలో ఏతాన్ని గుర్తుచేసుకోండి. ఒక కొన కిందికి దిగితే రెండవ కొన పైకి లేస్తుంది. ఇక్కడ కారు ఒక కొన, బోల్టు రెండవ కొన. స్తంభం అడుగు పలక లోపలి అంచు ఆధార బిందువు.

ఉదాహరణ 3: ఒక్కో స్తంభం మీద 1,000 కి.గ్రా., అంటే 9,800 న్యూటన్లు. ఈ బరువు ఆధార బిందువు నుంచి 0.6 మీటరు దూరంలో ఉంది. బయటి బోల్టులు రెండో వైపున 0.3 మీటరు దూరంలో ఉన్నాయి. స్తంభం సొంత బరువును లెక్కలోకి తీసుకోకుండా, భ్రామకాల నియమం ప్రకారం:

బోల్టుల మీద లాగుడు × 0.3 = 9,800 × 0.6

లాగుడు = 19,600 న్యూటన్లు

గమనించారా? ఒక్కో స్తంభం మోస్తున్నది సగం కారు. కాని దాని బయటి బోల్టులను పైకి పీకుతున్న బలం కారు మొత్తం బరువుతో సమానం. అది ఎంత గట్టి బోల్టైనా పట్టుకోవలసింది కాంక్రీటునే. నేల బలహీనమైతే బోల్టు తెగదు. తన చుట్టూ శంకువు ఆకారంలో ఉన్న కాంక్రీటు ముక్కతో సహా ఊడి పైకి వస్తుంది.

అందువల్ల రెండు స్తంభాల లిఫ్టుల తయారీదారులు సాధారణంగా కనీసం 10 సెం.మీ. మందం, చదరపు మిల్లీమీటరుకు సుమారు 21 న్యూటన్ల సంపీడన బలం ఉన్న కాంక్రీటు కావాలని అడుగుతారు. ఎం20 కాంక్రీటు అంటే 28 రోజుల తర్వాత చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం చూపేది. ఎం25 అంటే 25 న్యూటన్లు. కొత్తగా వేసేటప్పుడు స్తంభాల కింద ఎం25 కాంక్రీటుతో, ఉక్కు కడ్డీలతో, 15 సెం.మీ.కు తగ్గని మందంతో దిమ్మ వేయించడం మంచిది. తడి బాగా పట్టించి, 28 రోజులు ఆగిన తర్వాతే బోల్టులు బిగించాలి.

మన పోర్టికోల నేల ఎలా ఉంటుంది? మట్టి నింపి, ఇసుక పరిచి, పైన పలచటి కాంక్రీటు వేసి, టైల్స్ లేదా షాబాదు బండలు అతికిస్తారు. కారు నిలపడానికి అది సరిపోతుంది. బోల్టు పట్టుకోవడానికి సరిపోదు. టైల్స్ మీద బోల్టు బిగించడమంటే పెంకు మీద మేకు కొట్టడమే. ఇక కింద సెల్లారు ఉన్న స్లాబు మీద లిఫ్టు పెట్టాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క చూసి ఒప్పుకోనిదే ఒక్క రంధ్రం కూడా వేయకూడదు.

అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి ఇళ్ల పునాది స్లాబుల్లో బిగించి లాగిన ఉక్కు తీగలు ఉండటం సాధారణం. డ్రిల్లు వేస్తుండగా ఆ తీగ తెగితే గొప్ప బలంతో బయటికి చిమ్ముతుంది. స్లాబు కూడా దెబ్బతింటుంది. అక్కడ ముందుగా తీగలు ఎక్కడున్నాయో పరికరంతో గుర్తించాలి.

6. విద్యుత్తు

ఉదాహరణ 4: 19,600 న్యూటన్ల బరువును 1.8 మీటర్లు లేపడానికి చేసే పని 19,600 × 1.8 = 35,280 జౌళ్లు. ఇది 45 సెకన్లలో జరిగితే సామర్థ్యం 784 వాట్లు. పంపులో, గొలుసులో, మోటారులో నష్టాలుంటాయి కనుక 2.2 కిలోవాట్ల మోటారు వాడుతున్నామనుకుందాం. 45 సెకన్లకు అయ్యే ఖర్చు యూనిట్‌లో 30వ వంతు కూడా కాదు. కనుక కరెంటు బిల్లు గురించి బెంగపడనక్కరలేదు.

ఆలోచించవలసింది ప్రవాహం గురించి. 230 వోల్టుల సింగిల్ ఫేజు మీద, పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే, ఈ మోటారు సుమారు 12 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. అందుకే లిఫ్టుకు మీటరు బోర్డు నుంచి విడిగా లైను, విడిగా ఎం.సి.బి., మంచి ఎర్తింగు ఉండాలి. ప్లగ్గు పాయింట్లు నేల నుంచి కనీసం 45 సెం.మీ. పైన ఉండాలి. పెట్రోలు ఆవిరి నేలబారున పాకుతుందని ముందే చెప్పుకున్నాం. విదేశాల నుంచి తెచ్చిన లిఫ్టు మోటారు 60 హెర్ట్జులకు తయారైనదా, మన 50 హెర్ట్జులకా అని కూడా చూసుకోవాలి.

దీపాల విషయం చిన్నదే, కాని మరచిపోతారు. పైకప్పుకు పెట్టిన దీపాలను పైకెత్తిన కారే కప్పేస్తుంది. వెలుతురు కావలసింది కారు కింద కనుక దీపాలు గోడలకు ఉండాలి.

7. కారును పట్టి ఉంచేది ఏది?

"నూనె పీడనం" అని మీరు జవాబు చెబితే అది తప్పు. నూనె కారును లేపుతుంది. పట్టి ఉంచవలసింది ఉక్కు. స్తంభం లోపల నిచ్చెన మెట్లలా గాళ్లు ఉంటాయి. కారు లేస్తున్నప్పుడు ఒక్కో మెట్టు దగ్గర టక్, టక్ అని వినిపించే చప్పుడు తాళం ఆ గాళ్ల మీదుగా జారుతున్న చప్పుడే. కావలసిన ఎత్తుకు కొంచెం పైకి లేపి, తర్వాత కిందికి దించి, రెండువైపులా తాళం మీద బరువు ఆనేలా చేయాలి. అప్పుడు గొట్టం పగిలినా, సీలు కారినా కారు కదలదు. తాళం మీద ఆనించని కారు కిందికి వెళ్లడం జాకీ మీది కారు కిందికి దూరడంతో సమానం.

దీనివల్ల మరో విషయం కూడా తెలుస్తుంది. కారును దించాలంటే ముందుగా తాళం విడేంత పైకి లేపాలి. దానికి మోటారు తిరగాలి. కరెంటు పోతే కారు పైనే ఉండిపోతుంది. ఇంటి ఇన్వర్టరు సాధారణంగా ఈ మోటారును మొదలుపెట్టలేదు. కోతలున్న ఊళ్లో కారు ఆసుపత్రి అవసరానికి ఉండే ఒకే వాహనమైతే, ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఇక గరిమనాభి. కారు గరిమనాభి నాలుగు చేతుల మధ్య ఉంటేనే అది నిలకడగా ఉంటుంది.

ఉదాహరణ 5: 900 కి.గ్రా. కారు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు. బరువులో 60 శాతం ముందు చక్రాల మీద ఉంది. గరిమనాభి ముందు ఇరుసు నుంచి 0.4 × 2.4 = 0.96 మీటరు వెనుక ఉంటుంది. ఇప్పుడు ముందు ఇరుసు మీదుగా ఉన్న 150 కి.గ్రా. ఇంజన్ను విప్పి తీశారు. కొత్త గరిమనాభి 900 × 0.96 ÷ 750 = 1.15 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే 19 సెం.మీ. వెనక్కి జరిగింది. కారును ఎవరూ కదపలేదు, కాని దాని నిలకడ మారింది. ఆ సమయంలో వెనుక ఏదైనా బిగిసిన బోల్టును గట్టిగా లాగితే కారు వెనక్కి ఒరగవచ్చు. అందుకే బరువైన భాగాలు విప్పేముందు కారుకు పొడవాటి ఆధారపు స్టాండ్లు పెడతారు.

చేతులు ఎక్కడ ఆనాలో కారుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. విద్యుత్ కార్లలో బ్యాటరీ నేలంతా పరచుకుని ఉంటుంది కనుక ఈ స్థానాలు మరీ కచ్చితంగా పాటించాలి. చేతి మెత్త బ్యాటరీ పెట్టె మీద ఆనితే అది దెబ్బతిని మంటలకు దారితీయవచ్చు.

8. పాటించవలసిన క్రమం

చేతులు సరిచేశాక చక్రాలు నేల విడిచేంత మాత్రమే లేపి ఆగండి. కారును చేత్తో ఊపి చూడండి. ఏమాత్రం జరిగినా దించి మళ్లీ మొదలుపెట్టండి. కారులో ఎవరూ ఉండకూడదు. కారు లేస్తున్నప్పుడు, దిగుతున్నప్పుడు కింద ఎవరూ ఉండకూడదు. ఇంట్లో పిల్లలుంటే స్విచ్చుకు తాళం ఉండాలి. తలుపులు మూసిన గదిలో ఇంజన్ నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, అది ప్రాణం తీస్తుంది. పొడి రసాయనాల అగ్నిమాపక సిలిండరు తలుపు దగ్గర ఉంచాలి.

కొనేటప్పుడు ధరకంటే ముందు ప్రమాణం చూడాలి. అమెరికాలో 1945లో ఏర్పడిన ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షించిన లిఫ్టులకు గుర్తింపు ముద్ర ఇస్తుంది. ఐరోపాలో ఈఎన్ 1493 అనే ప్రమాణం ఉంది. ఈ ముద్రల్లో ఏదో ఒకటి ఉందా అని అడగండి.

9. నిర్ణయం

ఇప్పుడు మన లెక్కలన్నీ ఒక ఇంటికి వర్తింపజేద్దాం. పోర్టికో 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. నేల మీద టైల్స్. రెండు స్తంభాల లిఫ్టు వెడల్పులోనే పట్టదు. పట్టినా నేల దాన్ని మోయదు. ఇక్కడ సరైన జవాబు కత్తెర లిఫ్టు. అదీ టైల్స్ తీసి, చదునైన గట్టి కాంక్రీటు వేశాకనే. పెరట్లో 14 అడుగుల వెడల్పు దొరికితే, పురపాలక సంఘం లేదా పంచాయతీ అనుమతితో, 12 అడుగులకు తగ్గని ఎత్తుతో షెడ్డు వేసి, స్తంభాల కింద దిమ్మలు కట్టి, రెండు స్తంభాల లిఫ్టు పెట్టుకోవచ్చు. ఈ రెండూ కుదరకపోతే లిఫ్టు మానుకోవడం కూడా మంచి ప్రణాళికే. కొలిచి చూసి "వద్దు" అనగలగడం ఇంజనీరు పనిలో ఒక భాగం.

సారాంశం

ముందు ఎత్తు, వెడల్పు కొలవాలి. తర్వాత నేల బలం చూడాలి. ఆ తర్వాతే లిఫ్టు రకం ఎంచుకోవాలి. నూనె లేపుతుంది, ఉక్కు తాళం మోస్తుంది, కాంక్రీటు పట్టుకుంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి బలహీనమైనా మిగిలిన రెండూ కాపాడలేవు.

మీరు చేయండి

1. మీ ఇంటి పోర్టికోలో అన్నిటికంటే కిందికి ఉన్న భాగం వరకు ఎత్తు కొలవండి. 1.5 మీటర్ల ఎత్తున్న కారును ఎంత ఎత్తుకు లేపవచ్చు?

2. ఉదాహరణ 3లో బయటి బోల్టులు ఆధార బిందువుకు 0.4 మీటరు దూరంలో ఉంటే వాటి మీద లాగుడు ఎంత? అడుగు పలక పెద్దదిగా ఉండటం వల్ల లాభమేమిటి?

3. ఉదాహరణ 5లో ఇంజనుకు బదులు వెనుక ఇరుసు మీదుగా 100 కి.గ్రా. తీస్తే గరిమనాభి ఎటు, ఎంత జరుగుతుంది?

4. మీ ఊరి మెకానిక్ షెడ్డుకు వెళ్లి, అనుమతి తీసుకుని, లిఫ్టు తాళాలు ఎలా పనిచేస్తాయో దూరంగా నిలబడి గమనించండి. తాళం మీద ఆనించాకే లోపలికి వెళుతున్నారా?